చిల్లులు లేని తోటకూర

బొద్దింక కనిపిస్తే కుర్చీ ఎక్కే మనిషిని నేను. అలాంటిదాన్ని మూడేళ్ళు ఇంట్లో పురుగుల్ని పెంచానంటే ఇప్పటికీ నాకే నమ్మబుద్ధి కాదు. సముద్రం మధ్య దీవిలో, గోల్ ఘర్ అనే పేటలో మా ఇల్లు; వెనక వరండాలో, బట్టలారేసే తీగ కింద రెండు పెద్ద ప్లాస్టిక్ డబ్బాలుండేవి. ఒకదాంట్లో పెద్ద కీచురాళ్ళు, రెండోదాంట్లో వాటి పిల్లలు. ఇదంతా ఒక ఊసరవెల్లి తిండి కోసం.

ఆ ఊసరవెల్లి మా మరిదిది. వేరే దేశపు జాతి. చెన్నైలో అనుమతి కాగితాలన్నీ చేయించుకుని మరీ పెంచుకునేవాడు. ఓడలో ఉద్యోగం రాగానే దాన్నీ, ఆ కాగితాలనూ, ఒక డబ్బా కీచురాళ్ళనూ మా అమ్మాయికి అప్పజెప్పి చేతులు దులుపుకున్నాడు. అమ్మాయికప్పుడు తొమ్మిదేళ్ళు. పిల్ల నాలుగు రోజులు మురిసిపోయి మరిచిపోతుందిలే అనుకున్నాను. అది మరవలేదు. బడి నుంచి వచ్చి చెప్పులైనా విప్పకుండా దాని గూడు దగ్గరికి పోయేది. వేలు చాపితే ఆ జంతువు ఒక్కో కాలూ ఆలోచించి వేస్తూ వేలెక్కేది. నా వేలు మాత్రం ఒక్కనాడూ ఎక్కలేదు. తిండి సంపాదించేది నేనైనా సరే.

అది కదిలే పురుగునే తింటుంది. చచ్చినదాన్ని కళ్ళ ముందు పెట్టినా చూడదు. మా మరిది ఇచ్చిన కీచురాళ్ళు అయిపోతే ఈ దీవుల్లో ఇంకెక్కడా దొరకవు కాబట్టి, వాటిని వృద్ధి చేయడం నా మెడకు చుట్టుకుంది. డబ్బాలో కోడిగుడ్ల అట్టలు నిలబెట్టాలి, అవి దాక్కోవడానికి. గిన్నెలో తడి కొబ్బరిపొట్టు పెడితే అందులో గుడ్లు పెడతాయి. పది పన్నెండు రోజులకు ఆవగింజలంత పిల్లలు పుట్టుకొస్తాయి. నీళ్ళు గిన్నెలో పెడితే మునిగి చస్తాయి, తడి దూది పెట్టాలి. చీమలు రాకుండా డబ్బాల కింద నీళ్ళ పళ్ళేలు, వాటిలో ఇటుకలు. వానాకాలంలో బూజు పట్టకుండా రోజూ పొట్టు మార్చడం. ఇంతా చేస్తే అవి పొద్దస్తమానం కీచుమంటూనే ఉండేవి. మా ఆయన ఫోనులో మాట్లాడుతుంటే అవతలివాళ్ళు మీరు అడవిలో ఉన్నారా అని అడిగేవాళ్ళు.

వీటికి మేత పెట్టడమే అన్నిటికన్నా గండం. మా బజారుకు వచ్చే కూరల్లో చాలావరకు ఓడ దిగినవే. మొదటి ఏడాది కాలీఫ్లవర్ ఆకు పెట్టి, దాని మీది పురుగుమందుకు సగం డబ్బా పోగొట్టుకున్నాను. అప్పటి నుంచి ఇంట్లో ఒక నియమం పెట్టాను. పురుగు కొరికిన చిల్లులుంటేనే అది తినదగ్గ ఆకు. ఉన్నా సరే మూడు నీళ్ళు కడిగాకే డబ్బాలో వేయాలి. అమ్మాయికి ఎక్కాల్లా ఇది అప్పజెప్పించాను.

చిల్లుల ఆకులకు నాకు కొదవ లేదు. మా అమ్మ వండూర్ అనే పల్లెలో అన్నయ్య దగ్గర ఉంటుంది. ఇంటి వెనక తోటకూర, బచ్చలి వేస్తుంది. బూడిద, వేపనీళ్ళు తప్ప ఇంకేమీ చల్లదు. వారానికోసారి గోనెసంచిలో చుట్టి బస్సు డ్రైవరు భయ్యా చేతికిస్తే, నేను బస్టాండుకు వెళ్ళి తెచ్చుకుంటాను. ఆ ఆకుల్లోంచి వీధి మొత్తం చూడొచ్చు. కీచురాళ్ళకు అదే విందు.

మా చర్చిలో కోతల పండుగకు ఎవరి పెరట్లో పండింది వాళ్ళు తెచ్చి ముందు పెడతారు. అయ్యగారు వాటి మీద ప్రార్థన చేశాక వేలం వేస్తారు. కిందటేడు మా అమ్మ తెచ్చిన తోటకూర కట్ట పైకెత్తి వేలం వేసేవాడు, "ఆంటీ ఆకుల్తో ఆటా పిండి జల్లించుకోవచ్చు" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, నా బుద్ధి గడ్డి తిని. అమ్మ నవ్వలేదు. కట్ట ఎవరో జాలిపడి పాడుకున్నారు.

ఈ ఏడు ఆమె తెచ్చిన కట్టను నేను అటూ ఇటూ తిప్పి చూశాను. ఒక్క ఆకుకైనా చిల్లు లేదు. ముదురు ఎరుపులో నిగనిగలాడుతూ, పెళ్ళికూతురిలా తయారై వచ్చింది. సాక్ష్యం చెప్పే సమయంలో అమ్మ లేచి నిలబడి, ఒక్క చుక్క మందు చల్లలేదని, దేవుడే కాపాడాడని అందరి ముందూ చెప్పింది. నా గుండె పొంగిపోయింది. కిందటేటి నవ్వుకు బదులు తీర్చుకోవాలని పంతం పట్టి, వేలంలో ఆ కట్టను నేనే పాడుకున్నాను. ఇంటికి వచ్చి సగం ఫ్రిజ్‌లో పెట్టాను. సగం కీచురాళ్ళ డబ్బాలు రెండిట్లోనూ వేశాను. కడగలేదు. అమ్మ పెంచింది, పైగా అయ్యగారు ప్రార్థన చేసిన కూర, దాన్ని మళ్ళీ కుళాయి కింద కడగడమేమిటనిపించింది. చిల్లుల సంగతి గుర్తే రాలేదు. ఆ సాయంత్రం అమ్మాయి పెద్ద కీచురాళ్ళ డబ్బాలోంచి ఆరు కీచురాళ్ళు తీసి ఊసరవెల్లికి పెట్టింది.

మర్నాడు పొద్దున లేచేసరికి ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. ఏదో తేడాగా ఉందనుకుంటూ టీ పెట్టాను గాని, ఏమిటో తట్టలేదు. వరండాలోంచి అమ్మాయి పిలిచింది.

"మమ్మీ, ఇధర్ ఆవో. అన్నీ చచ్చిపోయినై."

రెండు డబ్బాలూ చూశాను. పెద్దవీ చిన్నవీ అన్నీ వెల్లకిలా పడున్నాయి. కొన్నిటి కాళ్ళు ఇంకా కొట్టుకుంటున్నాయి. మూడేళ్ళు అసహ్యపడుతూనే పెంచినదాన్ని, ఆ డబ్బాల ముందు కూలబడిపోయాను. నాకు ఏడుపు వచ్చిందని చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గు లేదు. ఈలోగా అమ్మాయి గూడు దగ్గరికి పరుగెత్తింది. ఊసరవెల్లి కొమ్మ మీద లేదు, అడుగున పడి ఉంది. ఒళ్ళంతా బొగ్గులా నల్లబడింది. పట్టపగలు కళ్ళు మూసుకుంది. నోటి వెంట సొంగ కారుతోంది, కాళ్ళు వణుకుతున్నాయి. అమ్మాయి వేలు చాపింది. అది పట్టుకోలేకపోయింది.

పాత తువ్వాలు పరిచిన బుట్టలో దాన్ని పెట్టుకుని, ఆటోలో పశువుల డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ఆయన ఆవుల్నీ మేకల్నీ చూసే మనిషి. అయినా విసుక్కోకుండా టార్చి వేసి చాలాసేపు చూశాడు.

"దీదీ, ఇది పురుగుమందే. లేకిన్ కౌన్సా, ఏ మందు? ఒక రకానికైతే నా దగ్గర సూది ఉంది. వేరే రకమైతే ఆ సూదే దీన్ని చంపేస్తుంది. పేరు తెలియాలి, జల్దీ."

నేను బయటికి వచ్చి అమ్మకు ఫోన్ చేశాను. ఆకుల మీద మందేమైనా పడిందా, పక్కవాళ్ళెవరైనా కొట్టారా అని అడిగాను. అమ్మే కొట్టి ఉంటుందన్న ఆలోచన అప్పటికీ నాకు లేదు.

"మీరు తిన్నారేటి ఆ కూర?" అంది అమ్మ.

"లేదమ్మా, ఇంకా వండలేదు. పురుగులకు వేశాను, అన్నీ చచ్చాయి. ఊసరవెల్లి పోయేలా ఉంది."

"దేవుడికిచ్చిన కూర పురుగులకి ఏసినావా? ఇంకేటవుతాది మరి. నానేటీ కొట్టనేదు. నిన్న అందరి ముందూ సెప్పినాను కదా."

ఫోన్ పెట్టేసింది. మళ్ళీ చేశాను. మళ్ళీ అదే మాట, ఇంకాస్త గట్టిగా. చిన్నప్పుడు నేను పక్కింటి బొప్పాయి కోసి, కోయలేదన్నందుకు చీపురు తిరగేసి నన్ను వాయించిన మనిషి ఆమె. ఆమె అబద్ధమాడుతోందని గొంతులోనే తెలిసిపోతోంది, కానీ ఆ మాట నాకు నేను చెప్పుకోలేకపోతున్నాను. లోపల డాక్టరు గడియారం చూసుకుంటున్నాడు. ఏం చేయాలో తోచక గుమ్మంలో నిలబడిపోయాను.

అమ్మాయి బుట్టను బల్ల మీద పెట్టి వచ్చి నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది. అమ్మమ్మ నంబరు నొక్కింది.

"అమ్మమ్మా, మమ్మీకి చెప్పకు. నిన్న కీచురాళ్ళకి వేస్తా వేస్తా నేను కూడా ఆకు నమిలాను. కచ్చా, పచ్చిదే. కడగలేదు. ఇప్పుడు కడుపులో చాలా నొప్పిగా ఉంది."

పిల్ల భుజం పట్టుకుని ఇటు తిప్పాను. అది నన్ను చూసి మెల్లగా తల అడ్డంగా ఊపింది. తినలేదని. ఫోన్‌లో అవతలి నుంచి ఒక అరుపు వినిపించింది, ఆ గొంతు మా అమ్మదేనని పోల్చుకోలేకపోయాను. వదినను కేకేస్తోంది, నీళ్ళ పంపు గదిలో బియ్యం సంచి వెనక సీసా ఉంది తెమ్మని. మేం పశువుల ఆసుపత్రిలో ఉన్నామని చెప్పి, అమ్మాయి ఫోన్ డాక్టరుకు అందించింది. వదిన సీసా మీది పేరు ఒక్కో అక్షరం చదివింది. డాక్టరు తలాడించి, అలమార తెరిచి, దూదిలో చుట్టిన చిన్న సీసా తీశాడు. ఊసరవెల్లికి సరిపోయే మందు సూదిలో ఉందో లేదో కనిపించనంత ఉంది.

అమ్మకు నిజం చెబుదామని ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఫోను ఇంట్లోనే వదిలేసి, చెప్పుల్లేకుండా రోడ్డెక్కి, దొరికిన జీపు పట్టుకుని బయలుదేరిందట. ఆ దారంతా ఆమె ఏమనుకుంటూ వచ్చిందో నేను ఊహించదలచుకోలేదు. గంట తరువాత ఆసుపత్రి గేటులో దిగింది. చేతిలో గుడ్డ చుట్టిన సీసా ఉంది. అమ్మాయి బెంచీ మీద కూర్చుని ఉంది. ఒళ్ళో బుట్ట, బుట్టలో ఊసరవెల్లి. వణుకు తగ్గి, ఒక కన్ను సగం తెరిచింది. బతుకుతుందనే డాక్టరు అన్నాడు.

అమ్మ నన్ను చూడనైనా చూడలేదు. పిల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చుని పొట్ట మీద చెయ్యి వేసింది.

"ఎక్కడే తల్లీ నొప్పి?"

"నొప్పి లేదు అమ్మమ్మా. నేను తినలేదు. జూఠ్ బోలా, అబద్ధం చెప్పాను."

చీపురు కాకపోయినా చెంపదెబ్బ పడుతుందని నేను ముందుకు కదిలాను. అమ్మ చెయ్యి పొట్ట మీదే ఉంది. చాలాసేపు తీయలేదు. తరువాత అక్కడే, నేల మీదే చతికిలబడింది. పండుగకు నాలుగు రోజుల ముందు, బుధవారం మందు కొట్టానంది. కొట్టాక వారం ఆగాలని మందులమ్మే కొట్టువాడు చెప్పాడట, కడిగి వండితే పోతుందిలే అనుకుందట. దేవుడి ముందు చిల్లుల ఆకు పెట్టి మళ్ళీ నవ్వించుకోలేకపోయానంది. కిందటేడు నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నానని ఆమెకు తెలుసు.

"ఫోన్‌లోనే చెప్పొచ్చు కదమ్మా. అది చచ్చిపోతోందని చెప్పానుగా," అన్నాను చివరికి.

అమ్మ తలెత్తింది. ఆ ముఖంలో తప్పించుకునే ఉద్దేశం ఏమీ లేదు.

"ఆ జంతువు కోసమైతే సెప్పేదాన్ని కాదే. అది సచ్చిపోయినా సెప్పేదాన్ని కాదు," అంది.

ఆ మాట అమ్మాయి కూడా విన్నది. బుట్టను ఇంకాస్త దగ్గరికి లాక్కుని, బెంచీ మీద అమ్మమ్మకు దూరంగా జరిగి కూర్చుంది.