గ్రీకు దేవత కోసం ఏడ్చిన ఏడుపు

చచ్చినవాడి కోసం పాడి ఏడవడం మా వైపు ఆడవాళ్ల పని. శోకం పెట్టడం అంటాం. వాడేం తిన్నాడు, ఎవరితో కొట్లాడాడు, ఏ చొక్కా మీద మోజు, అన్నీ రాగం తీసి చెబుతూ ఏడుస్తారు. బహ్రెయిన్‌లో మా సిత్రా క్యాంపు నిండా మగవాళ్లమే. అక్కడ ఆ పని ఒక ఫిట్టరు చేసేవాడు, కరీంనగర్ వైపు మనిషి. చిన్నప్పుడు తల్లి పక్కన కూర్చుని విన్న గొంతు వాడిది. శవపేటిక విమానాశ్రయానికి బండెక్కేటప్పుడు చచ్చినవాడి ఇంటికి ఫోన్ కలిపి, పెట్టె పక్కన నిలబడి శోకం పెట్టేవాడు. తమ మనిషి గల్ఫులో ఎట్లా బతికాడో ఇంటివాళ్లకు తెలిసేది అప్పుడే. బతికుండగా ఫోన్లో ఎవడు నిజం చెప్పాడు గనక? అందరూ బాగున్నామనేవాళ్లే. ఒక చావుకు ఒక్కసారే పాడేవాడు. పెట్టె లేనిదే నోరు విప్పేవాడు కాదు.

మెస్సులో వంటవాడు వాణ్ని ఆటపట్టించేవాడు. "నేను సచ్చినప్పుడు ఏడువు గని, పప్పుల ఉప్పెక్కువ ఏసెటోడని మాత్రం చెప్పకురా."

"అదే ముందుగాల చెప్త," అనేవాడు వీడు.

సఖీర్‌లో కార్ల పందేల మైదానం కొత్తగా తెరిచిన రోజులవి. ఆ ఎండాకాలం ఫిట్టరు బావ, సొంత అక్క మొగుడు, మా క్యాంపువాడే, డ్యూటీలో నూనె ట్యాంకు పక్కన ఎండకు కూలిపోయాడు. మళ్లీ లేవలేదు. కఫీల్, అంటే మాకు వీసా ఇచ్చిన అరబ్బు యజమాని, సెలవులకని దేశం దాటి పోయాడు. ఆయన సంతకం లేనిదే పెట్టె కదలదు. శవం మార్చురీలో, అక్క ఫోన్లో.

"అందరికి ఏడ్చినవు తమ్మీ. మీ బావకు నిమ్మళంగ ఏడువు. ఆయన ఆడ ఎట్లున్నడో నాకొక్క ముక్క తెల్వది."

అట్లాంటప్పుడు మనవాళ్ల సంఘం కార్యదర్శి క్యాంపుకొచ్చాడు. సనాబిస్‌లో కాపురం, ఏదో ఆఫీసులో పెద్ద ఉద్యోగం, కోస్తా మనిషి. వాళ్ల వార్షికోత్సవంలో తొమ్మిదిమంది ఆడపిల్లలు గ్రీకు కళాదేవతల వేషాలు వేస్తారట.

"మా అమ్మాయిది మెల్పొమీన్ వేషమండీ, విషాదానికి దేవత. మీవాడి ఏడుపు ఎవరో ఫోన్లో వినిపించారు. తెర వెనకాల ఒరిజినల్ ఏడుపు ఉంటే స్టేజీ అదిరిపోతుంది."

"ఏడుపులో కూడా ఒరిజినల్, డూప్లికేటు ఉంటాయా సార్?" అన్నాను.

"మీరు భలేవారండీ!" అని నవ్వాడు.

ఆ దేవత నాకు తెలియనిది కాదు. నా బడి చదువు చిన్నప్పుడే తెగిపోయింది. మా ఇంగ్లిషు ఇంజినీరు పారేసిన విజ్ఞాన సర్వస్వం, నేను బూట్లూ సామాన్లూ ఇచ్చే స్టోర్‌రూములో పెట్టుకుని, నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాను. జ్ఞాపకం అనే తల్లికి తొమ్మిదిమంది కూతుళ్లు. వాళ్లలో మెల్పొమీన్ అంటే పాడేది అని అర్థం. మొదట్లో ఆమె పని పాటే. తర్వాత ఆమె చేతిలో ఏడుపుమొహం మాస్కు పెట్టారు. ఇప్పుడిక పాట పోయి మాస్కే మిగిలింది. సినిమా హాలు గోడ మీద అదే, బనీన్ల మీద అదే, సెల్‌ఫోన్లో వేలితో నొక్కితే వచ్చే ఏడుపుబొమ్మా అదే. ఆమె ఎవరి కోసం పాడిందో ఎవడికీ అక్కర్లేదు.

కార్యదర్శి అసలు మాట చివరికి దాచాడు. ముఖ్య అతిథిగా వచ్చే పెద్దమనిషి మా కఫీల్‌కు బాగా కావలసినవాడట. ఆయన మనసు కరిగితే ఒక్క ఫోన్‌తో సంతకం వస్తుందట.

అతను వెళ్లాక ఫిట్టరుతో అన్నాను: "పోకురా. పిల్లలు ఆటకు శోకం పెడితేనే మన ఆడోళ్లు మూతి మీద కొడతరు."

"పెట్టె కదలాలె కాకా."

"పోతే పో. పాత శోకం ఏదన్నా పాడు. మీ బావది దాచుకో."

"కండ్ల ముంగట బావే ఉన్నడు. వేరేది ఎట్లొస్తది?"

శుక్రవారం మధ్యాహ్నం, ఏసీ హాలు. పిల్లలు తెల్లటి కర్టెన్ గుడ్డలు చుట్టుకుని, తలలకు బంగారు కాగితం ఆకులు కట్టుకుని నిలబడ్డారు. తెర వెనక మైకు పట్టుకుని వీడు ఎత్తుకున్నాడు. జ్వరం దాచిపెట్టి ఓవర్‌టైంకు పోతివి బావా అన్నాడు. బాత్రూంలో నల్లా తిప్పి, ఆ నీళ్ల చప్పుడులో ఏడిస్తివి బావా అన్నాడు. కూలిన రోజు పొద్దున నా సీసాలో నీళ్లడిగితివి, మళ్ల నువ్వే వద్దంటివి బావా అన్నాడు. నాకు కూర్చోబుద్ధి కాలేదు.

చప్పట్లు. ఎవడో "వన్స్‌మోర్" అని కేక వేశాడు. మాస్కు పట్టుకున్న పిల్ల ఒక్కతే బెదిరిపోయి తెర వైపు తిరిగింది. "ఇటు చూడమ్మా, ఫోటో!" అని తల్లి ముందువరుసలోంచి అరిచింది. ముఖ్య అతిథి శాలువా కప్పించుకుని, "చాలా సహజంగా చేశారు" అని బిర్యానీ వైపు నడిచాడు. రేపు మాట్లాడతానన్నాడు కార్యదర్శి. ఆ రేపు రాలేదు. సెలవులయ్యాక కఫీల్ తనంతట తనే వచ్చి సంతకం పెట్టాడు. ఎవరి కరుణా అక్కర్లేకపోయింది.

మార్చురీ ముందు పెట్టె బండెక్కిస్తున్నారు. ఫిట్టరు ఫోన్ కలిపి పెట్టె మీద చెయ్యి వేశాడు. నోరు తెరిచాడు. ఊపిరి తప్ప ఏమీ రాలేదు.

"ఏమాయెరా? పలుకవు?" స్పీకరులో అక్క.

"అంత ఆడ చెప్పేసిన అక్కా. ఇప్పుడు ఎత్తుకుంటే ఆ చప్పట్లే ఇనొస్తున్నయి."

"ఎవలకో చెప్పినవా? నాకు చెప్పవా?"

వాడు ఫోన్ నా చేతిలో పెట్టి పక్కకు పోయాడు. వాడు పాడిందంతా విన్నవాణ్నే. కానీ నల్లా తిప్పి ఏడ్చిన సంగతి పాటలో అయితే చెల్లుతుంది, ఉత్త మాటగా ఒక ఆడమనిషి చెవిలో ఎట్లా వేస్తాం?

"కాకా, మీరన్న చెప్పుండ్రి, ఆయన ఎట్లుండె?"

స్టోర్‌కీపర్‌ని. నోటికొచ్చింది ఒక్కటే. "బూట్లు ఎనిమిదో నంబరు, బిడ్డా."

"అది నాకెరికే," అంది.

"యల్లా భాయ్, చలో," అన్నాడు హైదరాబాదీ డ్రైవరు. బండి తలుపు వేశారు.