మూడుంపావు అంగుళాలు

టేపక్కకి మనుషుల పేర్లు గుర్తుండవు, కొలతలు గుర్తుంటాయి. మెడలో ఎప్పుడూ టేపు వేలాడుతుంటుంది కాబట్టి వీధంతా ఆవిణ్ణి ఆ పేరుతోనే పిలుస్తుంది. ఒకసారి తీయడం మర్చిపోయి మేనకోడలి పెళ్ళి ఫొటోలన్నిట్లోనూ టేపుతోనే పడింది. తాళాలు బాగుచేసే కొట్టుకీ జిరాక్సు కొట్టుకీ మధ్య, మెట్ల కింద, రెండు మిషన్లు పట్టే గది ఆవిడది. ఒక మిషను మీద ఆవిడ కుడుతుంది. రెండోదాని పక్కన స్టూలు మీద అత్తగారు కూర్చుని హుక్కులూ గుండీలూ కుడుతూ, వచ్చేపోయేవాళ్ళ మీద వ్యాఖ్యానం చెబుతుంది. కొడుకు పోయి పదకొండేళ్ళయినా అత్తాకోడళ్ళు విడిపోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే, తిట్టుకోడానికి ఇంకెవరున్నారమ్మా నాకు, అంటుంది అత్త.

కొలతల పుస్తకంలో ప్రతి పేజీకీ తేదీ ఉంటుంది, పేరుండదు. పేరుకి బదులు ఆ ఒంటి గుర్తు ఒకటి రాసుకుంటుంది: 'పొట్టి మెడ', 'కుడి చెయ్యి పొడుగు', 'వంగిన వీపు'. ఇంకో అలవాటు కూడా ఉంది. పిల్లల బట్ట కత్తిరిస్తే అంచు లోపల రెండంగుళాల గుడ్డ మడిచి వదులుతుంది. ఏడాది తిరిగాక కుట్టు విప్పితే అదే గౌను మళ్ళీ సరిపోతుంది. ఎదిగే ఒంటిని చూస్తే ఆవిడ కత్తెర తనంతట తానే రెండంగుళాలు అవతలికి జరుగుతుంది.

బాబాయ్ ఆ కొట్టుకి రెండేళ్ళపాటు వచ్చాడు. అందరూ అతణ్ణి అలాగే పిలిచేవారు, అతను తీసుకొచ్చే అమ్మాయిలు కూడా. నున్నటి గడ్డం, మెత్తటి మాట. హోటళ్ళలో డాన్సు కార్యక్రమాలకి ట్రూపు నడుపుతున్నానని చెప్పాడు. అమ్మాయిల్ని ఒక్కొక్కరినే తెచ్చి మెరుపు గుడ్డ గౌన్లు కుట్టించేవాడు. అందరికీ పద్దెనిమిది దాటాయనీ, చిన్నప్పుడు తిండి లేక అలా ఉన్నారనీ అనేవాడు. స్టేజీ మీద మరీ పిల్లల్లా కనబడుతున్నారక్కా, ఏం చేసినా నీ చేతిలోనే ఉంది, అని బతిమాలేవాడు.

ఆవిడ చేతిలో నిజంగానే ఉంది. అగ్గిపుల్లలాంటి పిల్ల ఆ గౌను తొడుక్కుంటే కాలేజీ దాటినదానిలా కనబడేది. బాబాయ్ మెచ్చుకునేవాడు, మెచ్చుకుంటే ఆవిడ పొంగిపోయేది. అడగాల్సిన ప్రశ్న ఒకటుందని తెలియక కాదు. పని అంత బాగా కుదిరినప్పుడు దాన్ని పాడుచేసే మాట ఎవరికీ నోటికి రాదు. ఇద్దరికీ గొడవల్లా లోపల వదిలే ఆ రెండంగుళాల దగ్గరే. పెద్దవాళ్ళకి ఆ మడతెందుకు, దండగ, అని అతను దగ్గరుండి కత్తిరింపించేవాడు.

ఆ అమ్మాయిల్లో ఒకదాని పేజీ మీద 'ఎడమ భుజం దిగుడు' అని ఉంది. అర అంగుళం కిందికి ఉంటుంది ఆ భుజం. మొదటిసారి కొలిచిన ఎనిమిది నెలలకి బాబాయ్ ఆ పిల్లని మళ్ళీ తీసుకొచ్చాడు, పాత గౌను పొట్టిదైపోయిందని. టేపక్క మెడ వెనక నుంచి మడమ దాకా కొలిచింది. పాత పేజీ చూసింది. టేపు వదిలేసి మళ్ళీ మొదటినుంచీ కొలిచింది. ఒకటిముప్పావు అంగుళాలు ఎక్కువ వచ్చింది. చెయ్యి కూడా అంగుళం పెరిగింది.

నీకెన్నేళ్ళమ్మా అని అడిగింది. ఇరవై, అంది పిల్ల, ఎక్కాలు అప్పజెప్పినట్టు.

వాళ్ళు వెళ్ళాక అత్త దారం కొరుకుతూ అంది, "ఇరవయ్యేళ్ళు నిండాక నాకు పెరిగింది నోరొక్కటే. దీనికి కాళ్ళెలా పెరిగాయే?"

టేపక్క నవ్వలేదు. ఆ నవ్వు రాకపోవడంతోనే మొదలైంది.

అదే వారం శనివారం బాబాయ్ ఇంకో పిల్లతో వచ్చాడు. భుజాన స్కూలు సంచీ, కాళ్ళకి తెల్ల మేజోళ్ళు, నోట్లో పెన్సిలు. కొలుస్తుంటే ఆ పిల్ల ఊరికే కదలడమూ, తండ్రి ముద్దుగా కసురుకోవడమూ. "నా కూతురక్కా. పదమూడు నడుస్తోంది. యూనిఫాం లోపల రెండు కాదు, మూడంగుళాలు వదులు. ఎదిగే పిల్ల కదా."

టేపక్క అలాగే అంది, కొలతలు రాసుకుంది. రాస్తుంటే చూసింది: ఎడమ పేజీ మీద నాలుగు రోజుల కిందట కొలిచిన పిల్ల, కుడి పేజీ మీద ఇతని కూతురు. ఒకదాని అంకెలు చెరిపి రెండోదానివి వేసినా గౌను సరిపోతుంది.

అతను వీధి మలుపు తిరిగాక, పట్టపగలు షట్టరు కిందికి లాగి, రెండు పేజీలూ అత్తకి చూపించింది. చదువు రాకపోయినా అంగుళాలు తెలిసిన మనిషి అత్త. వేలు పెట్టి ఒక్కో అంకే సరిచూసింది.

"వాణ్ణి నరకాలి" అంది.

"నరికితే ఒక్కరోజులో పోతాడత్తయ్యా."

పిల్లల హెల్ప్‌లైనుకి ఫోను చేసింది ఆ షట్టరు వెనకనుంచే. వాళ్ళు చెబితే ఒక ఆడ ఎస్సై వచ్చింది, గుండీ కుట్టించుకునే వంకతో. బుధవారం మధ్యాహ్నం హోటలు వెనక ఇల్లు సోదా చేశారు. ముగ్గురు పిల్లలు దొరికారు. ఆ ఇంటికి రాత్రుళ్ళు ఎవరెవరు వచ్చేవారో, ఆ పిల్లల్ని ఎంతకి అమ్మేవారో ఎస్సై చెబుతుంటే టేపక్క మధ్యలో ఆపలేదు. అంతా విని, లోపలికెళ్ళి, మిగిలిన మెరుపు గుడ్డ తానుని కత్తెరతో ముక్కలు ముక్కలు చేసింది. గుడ్డ పాడుచేయడం ఆవిడ జన్మలో అదొక్కసారే.

అంతా అయిపోయిందనుకుంటే అప్పుడు మొదలైంది అసలు తంతు. ముగ్గురికీ వయసు ఇరవై అని సర్టిఫికెట్లు తెచ్చి కోర్టులో పెట్టాడు బాబాయ్ వకీలు. పిల్లలకేమో తమ వయసు తమకే తెలీదు. ఎముకల పరీక్ష చేసిన డాక్టరు పదహారు నుంచి పద్దెనిమిది అని రాసి, రెండేళ్ళు అటూ ఇటూ కావచ్చని కింద ఇంకో వాక్యం రాశాడు. ఆ వాక్యం ఇచ్చిన సందులోంచి వకీలు లారీయే తోలుకుపోయాడు. పిల్లలు మైనర్లని రుజువు కాకపోతే పెద్ద సెక్షన్లన్నీ ఎగిరిపోతాయి, ఆర్నెల్లలో మనిషి బయట ఉంటాడు. బెయిలు అప్పటికే వచ్చేసింది. వీధిలో టేపక్కకి ఎదురుపడి, బాగున్నావా అక్కా, అన్నాడు కూడా.

టేపక్క పుస్తకం తీసుకుని సర్కారు వకీలు దగ్గరికెళ్ళింది. ఆయన అలిసిపోయిన మనిషి. ఒక దర్జీ పుస్తకం సాక్ష్యమేమిటమ్మా అన్నాడు. పెద్దవాళ్ళు లావవుతారండీ, పొడుగవరు, అంది ఆవిడ. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. ఒకటిముప్పావు చాలదన్నాడు, కొలవడంలో తప్పనేస్తారు.

"అయితే పెరగనివ్వండి" అంది టేపక్క.

కోర్టు అనుమతితో నెలకోసారి పిల్లల హోంకి వెళ్ళడం మొదలుపెట్టింది. వార్డెను ఎదురుగా కొలవాలి, ఇద్దరూ తేదీ వేసి సంతకం చెయ్యాలి. మొదటి నెల ఎడమభుజం పిల్ల గోడకి ఆనుకుని నిలబడి దగ్గరికి రానివ్వలేదు.

"ఆ గౌన్లు నువ్వే కుట్టావుగా."

"నేనే కుట్టాను."

"తెలిసే కుట్టావా?"

"చూడకుండా కుట్టాను. చూసుంటే తెలిసేది."

"మరిప్పుడెందుకొచ్చావు? ఏడవడానికా?"

"కాదు. వాణ్ణి లోపల వేయించడానికి. నువ్వు కడుపునిండా తిని పొడుగైతే చాలు, మిగతాది నేను చూసుకుంటాను."

పిల్ల నవ్వింది. మంచి నవ్వు కాదది. "ఎంత పొడుగైతే చాలు?" అని, టేపు కొస తనే తీసుకుని మడమ కింద తొక్కిపట్టింది.

ఆ తర్వాత టేపక్క పగ పాలతోనూ గుడ్లతోనూ పెరిగింది. వెళ్ళినప్పుడల్లా ఉడకబెట్టిన గుడ్లు డబ్బానిండా తీసుకెళ్ళేది. పిల్ల ఒక్కొక్కటీ ఒలుచుకుని, ఇది వాడి మెడకి, అని మింగేది. అవతల బాబాయ్ వకీలు వాయిదా మీద వాయిదా అడుగుతున్నాడు. ఒకసారి నడుం నొప్పి, ఒకసారి కాగితాలు రాలేదు. సాక్షులు విసిగి చెదిరిపోతారని అతని లెక్క. సర్కారు వకీలు తల పట్టుకుంటే, అడగనివ్వండి సార్, ఇంకో రెండు అడిగినా మంచిదే, అనేది టేపక్క. లోకంలో వాయిదా పడితే సంతోషించిన సాక్షి ఆవిడొక్కతే.

మధ్యలో ఒక పెద్దమనిషి కొట్టుకి వచ్చాడు. పాత పుస్తకమట, ఇస్తే రెండు కొత్త మిషన్లు ఇస్తాడట. ఇవ్వకపోతే మెట్ల కింద గదులకి నిప్పంటుకోవడం ఎంతసేపు, అని కూడా అన్నాడు, నవ్వుతూనే. అత్త స్టూలు మీంచి కదల్లేదు. "పుస్తకం నా కిందే ఉంది నాయనా. నన్ను లేపి తీసుకో. మోకాళ్ళ నొప్పులు, కాస్త మెల్లిగా లేపు." ఆ సాయంత్రమే పుస్తకం ఎస్సై బీరువాలోకి వెళ్ళింది. కొట్టు కిటికీ అద్దం మాత్రం ఆ వారంలోనే పగిలింది. అట్టముక్క అడ్డం పెట్టుకుని కుట్టుకున్నారు.

పద్నాలుగు నెలలకి టేపక్కని బోనెక్కించారు. తలుపులేసిన గది. పిల్లని పక్క గదిలో కూర్చోబెట్టారు. బాబాయ్ బల్ల వెనక చేతులు కట్టుకుని, కుక్కిన పేనులా ఉన్నాడు. వకీలు లేచి, నువ్వు డాక్టరువా అని అడిగాడు. కాదండి. పుస్తకంలో పేర్లేవి? రాయనండి, ఒళ్ళు రాస్తాను. ఇదంతా తర్వాత కూర్చుని రాసిందే కదా? ఆ పిల్ల మొదటి కొలతకీ రెండో కొలతకీ మధ్య పేజీల్లో బస్సు డిపోలో పనిచేసే ముప్ఫైనాలుగు మంది కొలతలున్నాయండి, వాళ్ళ రసీదులున్నాయి, పిలిపించి కొలుచుకోండి. కావాలంటే ముందు మీ కోటు కుట్టినవాణ్ణి పిలవండి, కుడి చెయ్యి పొట్టి చేశాడు.

జడ్జి నవ్వు దాచుకోడానికి తల దించుకున్నాడు. వకీలు కుడి చెయ్యి వెనక్కి పెట్టుకుని, "చిన్నపిల్లో పెద్దదో నీకెవరు చెప్పారు?" అన్నాడు.

ఈ ప్రశ్న కోసం ఆవిడ పద్నాలుగు నెలలు కాచుకుని ఉంది. వకీలు వైపు కాక బాబాయ్ వైపు చూసింది.

"ఆయనే చెప్పాడండి. తన కూతురికి పదమూడు, ఎదిగే పిల్ల, లోపల మూడంగుళాలు వదులు అన్నాడు. అదే ఒడ్డూ పొడుగూ ఉన్న ఈ పిల్లకి మాత్రం మడత కత్తిరించి పారెయ్యమన్నాడు. ఎదిగేది ఎవరో ఆయనకి బాగా తెలుసు."

కట్టుకున్న చేతులు విడిపోయాయి. ఆ ముఖం మీద మెత్తదనం జారిపోవడం ఆవిడ తీరిగ్గా, చివరిదాకా చూసింది.

పక్క గదిలో లేడీ డాక్టరు పిల్ల సరేనన్నాకే కొలిచింది. ఎడమ భుజం అర అంగుళం కిందికి ఉంది. మెడ నుంచి మడమకి మొదటి పేజీ మీదకన్నా మూడుంపావు అంగుళాలు ఎక్కువ. అందులో ఒకటిన్నర, వకీలు అడిగిన వాయిదాల్లో పెరిగింది. ఆయన సర్టిఫికెట్ ప్రకారం అప్పటికి పిల్లకి ఇరవై ఒకటి. ఇరవై ఒకటో ఏట ఇంతలా పెరిగే మనిషిని మీరెక్కడైనా చూశారా, అని జడ్జి అడిగితే వకీలు మంచినీళ్ళు అడిగాడు. వారం తిరక్కుండా ఆ సర్టిఫికెట్లు ఇచ్చిన గుమాస్తాని కూడా పట్టుకెళ్ళారు.

తీర్పు వచ్చిన రోజు టేపక్క కోర్టునుంచి నేరుగా హోంకి వెళ్ళింది. పిల్ల గుమ్మంలోనే నిలబడి ఉంది. ఎన్నేళ్ళు వేశారని అడిగింది. పద్నాలుగు, అంది టేపక్క. బయటికొచ్చేసరికి వాడికెన్నుంటాయి? అరవై ఒకటి. పిల్ల మనసులో ఏదో లెక్క వేసుకుంది.

"చాలదు."

"నాకూ చాలలేదు. పై కోర్టుకి అప్పీలు చేస్తున్నాడట."

"అంటే మళ్ళీ వాయిదాలా?"

"బోలెడు."

"అడగనీ" అని పిల్ల మెట్టు మీద చతికిలబడి, గుడ్ల డబ్బా మూత తీసింది.