వెస్ట్రీ గదిలో నా గొంతు

ఒట్టు పెట్టుకోకూడదని మా ఇంట్లో నేర్పారు. అవునంటే అవును, కాదంటే కాదు, అంతకు మించి అక్కర్లేదంటారు నాన్న. కాబట్టి ఒట్టు పెట్టను. కానీ ఇది జరిగింది. నాకే జరిగింది. దయ్యాల మీద నాకు నమ్మకం లేదు. చీకటంటే భయమూ లేదు. మాది అమృతలూరు దగ్గర పల్లె. రాత్రిపూట కాలవ గట్ల మీద నడిచి పెరిగినదాన్ని. అయినా ఆ రాత్రి గుర్తొస్తే ఇప్పటికీ వెన్ను జలదరిస్తుంది... మీరు నవ్వకుండా వింటానంటే చెబుతాను.

బాపట్లలో డిగ్రీ చదివే రోజులు. మా కాలేజీలో విద్యార్థుల ప్రార్థన సహవాసం ఒకటి ఉండేది. ప్రతి గురువారం క్లాసులయ్యాక పై అంతస్తులో ఖాళీ గదిలో కూడేవాళ్లం. ఇరవై, పాతికమంది. పాటలు, వాక్యం, ప్రార్థన, చివర్లో ఎవరో ఒకరు తెచ్చిన మరమరాలు. డేవిడ్ అన్న మా నాయకుడు. అదే కాలేజీలో చదివి, ఊళ్లోనే ఉద్యోగంలో చేరి, సాయంత్రాలు మా కోసం వచ్చేవాడు.

పాటలు నావి. అంటే ఎత్తుకునేది నేను. రెండేళ్లు నేనే. ఒక లావుపాటి నోటుబుక్కులో పాటలన్నీ చేత్తో రాసుకున్నాను. ఏ పాట ఏ శ్రుతిలో ఎత్తుకోవాలో పక్కన ఎర్ర సిరాతో గుర్తులు. "సువార్త రాకపోతే అది గురువారమే కాదు" అనేది హెప్సిబా. హెప్సిబా హాస్టల్లో నా గదిలో ఉండేది. ఒకే కంచంలో తినేవాళ్లం.

నేను మూడో ఏడాదిలోకి వచ్చినప్పుడు కరుణ చేరింది. వాళ్లది నగరం అనే ఊరి దగ్గర పల్లె. అమ్మానాన్నలు కూలికి వెళ్లేవాళ్లు. సన్నగా, నూనె పెట్టి బిగించిన జడతో వచ్చి వెనక వరసలో కూర్చుంది. నేను పాట ఎత్తుకున్నాను. రెండో చరణంలో వెనక నుంచి ఒక గొంతు కలిసింది. కలవడం కాదు... పైకి లేచింది. ఏ స్వరం దగ్గర నేను భయపడి తగ్గించుకుంటానో, అక్కడ అది హాయిగా నిలబడింది. ఒక్కొక్కరే పాడటం ఆపి వెనక్కి తిరిగారు. చివరికి నేనూ ఆపాను.

నవ్వాను కూడా. "బాగా పాడావమ్మా" అన్నాను.

నెల తిరక్కుండానే డేవిడ్ అన్న నాతో, "సువార్తా, నీ పాటల పుస్తకం కరుణకి ఇవ్వమ్మా, జెరాక్స్ తీయించుకుంటుంది" అన్నాడు. ఇచ్చాను. హెప్సిబా ఆ పిల్ల పక్కన కూర్చోవడం మొదలుపెట్టింది. హాస్టల్ నుంచి పెరుగన్నం డబ్బాలో పెట్టి తీసుకెళ్లేది ఆ పిల్ల కోసం. నేను చూసీ చూడనట్టు ఉండేదాన్ని. రాత్రి లైటు ఆర్పాక మాత్రం నిద్ర పట్టేది కాదు.

ఆ పిల్ల గర్విష్ఠి అయినా బాగుండేది. హాయిగా ద్వేషించేదాన్ని. "అక్కా, ఈ లైను ఎలా తిప్పావో ఒక్కసారి చూపించవా" అని వచ్చి నా కాళ్ల దగ్గర కూర్చునేది. చూపించేదాన్ని. నేను చూపించినదాన్ని నా కళ్ల ముందే నా కన్నా బాగా పాడేది.

అసూయ పాపమని మాకు చిన్నప్పుడే నేర్పారు కదా. అందుకని దానికి వేరే పేర్లు పెట్టుకున్నాను. ఒకరోజు హెప్సిబాతో, "కరుణ గురించి ప్రార్థన చేద్దాం, అందరూ పొగిడి ఆ పిల్లకి గర్వం ఎక్కించేలా ఉన్నారు" అన్నాను. హెప్సిబా నా వైపు కాసేపు చూసింది. పక్క దులుపుకుని పడుకుంది.

డిసెంబరులో రిట్రీట్ పెట్టారు. రేపల్లె అవతల, సముద్రం వైపు ఒక పల్లె. చర్చి, దాని పక్కనే ఒక పాత బడి. చుట్టూ రొయ్యల చెరువులు. చెరువుల్లో నీళ్లు చిలికే యంత్రాలు పగలూ రాత్రీ తిరుగుతూనే ఉంటాయి. ఒకటే హోరు. మొదటి గంట చెవులు పగిలిపోతాయనిపిస్తుంది. తర్వాత ఆ హోరు ఉందన్న సంగతే మరిచిపోతాం.

ఆదివారం ఆరాధనకి చుట్టుపక్కల సంఘాలవాళ్లందరూ వస్తారు. అందులో మా కాలేజీ తరఫున ఒక్కరు ఒంటరిగా పాట పాడాలి. అంతకుముందు రెండేళ్లూ నేనే పాడాను. శనివారం సాయంత్రం టీ తాగుతున్నప్పుడు డేవిడ్ అన్న అందరి ముందూ, "రేపటి పాట కరుణ" అన్నాడు. నా వైపు చూడలేదు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. అరచేతులు మండేదాకా కొట్టాను.

ఆ రాత్రి గొలుసు ప్రార్థన. పది నుంచి తెల్లవారి ఆరు దాకా గంటకొకరు చొప్పున ఒంటరిగా ప్రార్థన చేయాలి. గంట కాగానే వెళ్లి తర్వాతివాళ్లను లేపాలి. గొలుసు తెగకూడదు. అందుకు చర్చిని ఆనుకుని ఉన్న వెస్ట్రీ గది ఇచ్చారు. ఆరాధనకి ముందు పాస్టరుగారు అంగీ వేసుకునే చిన్న గది అది. దానికి రెండు తలుపులు. ఒకటి బయటికి, ఒకటి చర్చిలోకి. వరస చీటీ మీద రాసి గోడకి అంటించారు. ఒంటిగంట హెప్సిబా. రెండు నేను. మూడు కరుణ.

ఆడపిల్లలందరం బడి గదిలో చాపలు పరుచుకుని పడుకున్నాం. మంచు పడుతోందని కరుణ మెడకి బామ్ రాసుకుంది. "అక్కా, నీకు జలుబుగా ఉందిగా, రాసుకో" అని సీసా నాకిచ్చింది. ముక్కుకి రాసుకున్నాను.

రెండింటికి హెప్సిబా లేపింది.

"లే సువార్తా. నీ గంట."

ఫోన్ లైటు వేసుకుని ఇసకలో నడిచి వెళ్లాను. వెస్ట్రీలో ఒక బల్బు, ఒక చాప, మూలన చెక్క బీరువా. చర్చిలోకి తెరుచుకునే తలుపు గడియ వేసి ఉంది. నాకు బాగా గుర్తు. ఇనప గడియ, నా చేతివేళ్లంత లావు. చాప మీద మోకరించాను. ప్రార్థన రాలేదు. ఎంత కళ్లు మూసుకున్నా చప్పట్లే వినపడుతున్నాయి. ఒక ఆలోచన వచ్చింది... మాటగా బయటికి రాలేదు. వచ్చిందని మాత్రం తెలుసు. సిగ్గేసింది. మొహం కడుక్కుందామని లేచాను. ఫోన్ చూశాను. రెండుంపావు.

బోరింగు చర్చి వెనక, ఓ ముప్పై అడుగుల దూరం. నాలుగుసార్లు కొట్టాను. చల్లటి నీళ్లు. మొహాన చల్లుకుంటున్నాను...

కరెంటు పోయింది.

ముందు అది తెలియలేదు. ముందు తెలిసింది నిశ్శబ్దం. చెరువుల హోరు ఒక్కసారిగా ఆగిపోయింది. రెండు రోజులుగా చెవుల్లో ఉన్నది లేకుండా పోయింది. నా చున్నీ చివర నుంచి నీటి చుక్క ఇసకలో పడితే... ఆ చప్పుడు వినపడింది.

అప్పుడు వెస్ట్రీలోంచి ఒక గొంతు.

ఆడపిల్ల గొంతు. మెల్లగా ప్రార్థన చేస్తోంది. కరుణ తనంతట తనే ముందుగా లేచి వచ్చిందేమో అనుకున్నాను. ఆ గాబరాలో కూడా, చూశారా, నాకు కోపమే వచ్చింది. నా గంట కూడా తీసుకుందా అని. చెప్పులు లేకుండా నడిచాను. తలుపు దగ్గరగా వేసి ఉంది. చెవి పెట్టాను.

"దేవా... ఆ గొంతు తీసెయ్యి."

ఒక ముక్కు చీదిన చప్పుడు.

"నాకివ్వకపోయినా పర్లేదు... దానికి మాత్రం ఉంచొద్దు."

అది నా గొంతు.

మన గొంతు మనకి మామూలుగా తెలియదు. కానీ మా గ్రూపులో నా పాటలు రికార్డు చేసి పెట్టేవాళ్లు. వినీ వినీ నాకు బాగా తెలుసు. కాస్త ముక్కుతో, మాట చివర్లో కొంచెం సాగుతుంది. ఆ జలుబుతో సహా... నాదే. నేను చెయ్యెత్తి నా పెదవులు ముట్టుకున్నాను. మూసే ఉన్నాయి. వేళ్లు పెదవుల మీద అలాగే ఉంచాను. లోపల గొంతు మాట్లాడుతూనే ఉంది. మళ్లీ మళ్లీ అదే మాట. ఏడుస్తోంది. తర్వాత "ఆమెన్" అంది.

గడియ తీసిన చప్పుడు.

ఎంతసేపు అక్కడ నిలబడ్డానో చెప్పలేను. ఒక నిమిషమే అనుకున్నాను. దూరంగా ఏదో చెరువు మీద జనరేటరు దగ్గి, మొదలైంది. ఆ చప్పుడిచ్చిన ధైర్యంతో తలుపు తోసి ఫోన్ లైటు వేశాను. ఎవరూ లేరు. చర్చిలోకి వెళ్లే తలుపు బార్లా తెరిచి ఉంది. అవతల బెంచీలు, చీకటి. వంగి చాప మీద చెయ్యి పెట్టాను. మోకాళ్లు ఆనే చోట... వెచ్చగా ఉంది.

పరుగెత్తాను. బడి గదిలో అందరూ నిద్రపోతున్నారు. నేను అందర్నీ లెక్కపెట్టాను, ఎవరూ తగ్గలేదు. కరుణ వెల్లకిలా పడుకుని ఉంది. ఫోన్ చూశాను. మూడుకి అయిదు నిమిషాలు. రెండుంపావుకి బోరింగు దగ్గర ఉన్నదాన్ని. నలభై నిమిషాలు ఎక్కడికి పోయాయి...

కరుణను లేపలేదు. గొలుసు నా దగ్గరే తెగింది. దుప్పటి తల మీదికి లాక్కుని పడుకున్నాను. చేతివేళ్లు మొహం దగ్గరికి వచ్చాయి. బామ్ వాసన. సాయంత్రం నేనూ రాసుకున్నాను, నిజమే. కానీ బోరింగు దగ్గర ఆ చేతులతోనే మొహం కడుక్కున్నాను కదా...

తెల్లవారి కరుణకి మాట రాలేదు.

నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ లేదు. వేణ్నీళ్లు తాగించారు, ఉప్పునీళ్లు పుక్కిలి పట్టించారు. డేవిడ్ అన్న ప్రార్థన చేశాడు. ఆఖరికి నా వైపు తిరిగి, "సువార్తా, నువ్వు పాడమ్మా, తప్పదు" అన్నాడు. పాడాను. బాగా పాడాను. నేను అంత బాగా పాడింది అంతకుముందు లేదు, తర్వాత లేదు. ముందు వరసలో కరుణ మెడకి తువ్వాలు చుట్టుకుని కూర్చుని ఏడుస్తోంది. అది చూసి కూడా నాకు సంతోషం కలిగింది. ఇదంతా చెబుతూ అది దాచడం న్యాయం కాదు.

తిరిగి బాపట్ల వెళ్లే బస్సులో కరుణ నా పక్క సీటులోకి వచ్చి కూర్చుంది. నా చెవి దగ్గర నోరు పెట్టి గుసగుసగా అంది.

"రాత్రి నువ్వు వచ్చి నా మెడ మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశావు కదక్కా. థాంక్స్."

నేను కిటికీలోంచి బయటికి చూశాను. తల ఊపానో లేదో కూడా తెలియదు.

తర్వాత కరుణను తెనాలిలో డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. మంచు వల్లా, ఎక్కువ పాడటం వల్లా లోపల వాచిందన్నాడు. మూడు నెలలు పాడొద్దన్నాడు. మాట వచ్చింది. పాట కూడా వచ్చింది కానీ పైకి లేవడం మానేసింది. నేను పరీక్షల వంక పెట్టి గురువారాలు మానేశాను. హెప్సిబా ఒకసారి, "ఏమైందే నీకు" అని అడిగింది. "ఏం లేదు" అన్నాను.

ఇది ఆరేళ్ల కిందటి మాట. ఇప్పుడు నేను వేమూరులో టీచర్ని. కిందటేడు ఒక సాయంత్రం తెనాలి స్టేషన్లో రేపల్లె పాసింజరు ఎక్కాను. ఎదురు సీటులో కరుణ. డిగ్రీ మధ్యలో ఆపి నర్సింగు చదివి, రేపల్లెలో నర్సుగా చేస్తోందట. కాస్త ఒళ్లు చేసింది. మాటలో చిన్న బొంగురు.

"అక్కా, బాగున్నావా" అంది. ముందుగా తనే.

నేను బాగోగులు అడగలేదు. ఇన్నేళ్లూ గొంతులో అడ్డం పడ్డది బయటికి వచ్చేసింది.

"కరుణా, ఆ రాత్రి నీ దగ్గరికి వచ్చింది నేను కాదు."

కరుణ ఒళ్లోని సంచి తీసి పక్కన పెట్టింది.

"మాటలు వినపడ్డాయక్కా నాకు" అంది.

"ఏం మాటలు?"

"నీకు తెలుసుగా."

తెలుసు.

"మరి బస్సులో థాంక్స్ ఎందుకు చెప్పావు?"

"ఏడుస్తూ అన్నావక్కా ఆ మాటలు. కన్నీళ్లు నా మెడ మీద పడ్డాయి. పాపం ఎంత బాధపడుతుందో అనుకున్నా. ఎప్పటికైనా నువ్వే వచ్చి చెప్తావని చూశా."

"మొహం చూశావా?"

"కరెంటు లేదుగా. గొంతు నీదే."

"నేను బయట ఉన్నాను. వెస్ట్రీ బయట. నేనూ విన్నాను ఆ గొంతు."

నేను విన్నదంతా చెప్పాను. బోరింగు, గడియ, చాప... అన్నీ. చెబుతుంటే కరుణ మొహం మారిపోయింది. రైలు జంపని దాటింది. నా స్టేషన్ దగ్గర పడుతోంది. కరుణ ముందుకు వంగి నా రెండు చేతులూ పట్టుకుంది.

"కాదనొద్దక్కా" అంది. "నువ్వైతే నేనెప్పుడో క్షమించేశాను. నువ్వు కాకపోతే... ఎవర్ని క్షమించాలి నేను? ఎవరు నా మెడ మీద చెయ్యి వేశారనుకుని పడుకోవాలి రోజూ?"

రైలు నెమ్మదించింది. జనం లేస్తున్నారు.

"నేనే" అన్నాను. "నేనే వచ్చాను కరుణా."

తను కళ్లు తుడుచుకుని తల ఊపింది. దిగాను. రైలు వెళ్లిపోయింది.

దిగినప్పుడు అబద్ధం చెప్పాననే అనుకున్నాను. ఆ పిల్ల మనసు కుదుటపడటానికి ఒక అబద్ధం, అంతే. ప్లాట్‌ఫారం చివరి దాకా నడిచేసరికి అంత గట్టిగా అనుకోలేకపోయాను.