ఇడ్లీ పిండిలో బీరు నురగ

ఈ పరాయి దేశంలో, మా ట్రాయ్ ఊరి చలికి ఇడ్లీ పిండి పొంగదు. నిన్న సాయంత్రం కూడా గిన్నెలో ఉలుకూపలుకూ లేకుండా పడుంది. పొద్దున టిఫిన్‌కి వచ్చేదేమో శర్మగారు, ఉల్లిపాయ కూడా ముట్టని మనిషి. ఇంట్లో బీరు చేసుకోవచ్చని చట్టం వచ్చిన దగ్గర్నుంచి నాకదే పిచ్చి. బేస్‌మెంట్‌లో నా బీరు బకెట్ మాత్రం బుసబుసా పొంగుతోంది. దాని మీది నురగ రెండు గరిటెలు తీసి, మా ఆవిడకి చెప్పకుండా పిండిలో కలిపేశాను.

ఈ రోజు ఇడ్లీలు దూదిలా వచ్చాయి.

"మా ఇంట్లో ఒక్కసారీ ఇలా రాలేదు. ఏం వేశావమ్మా?" అన్నారు శర్మగారు.

"ఏమీ లేదండీ, వెచ్చగా ఉంటుందని ఫర్నేస్ పక్కన పెట్టానంతే," అంది మా ఆవిడ మురిసిపోతూ.

నేను తలెత్తకుండా చట్నీ కలుపుకుంటూ కూర్చున్నాను. వెళ్తూ వెళ్తూ ఆయన తమ పిండిలో కలుపుకోవడానికి మిగిలిన పిండి ఓ కప్పు అడిగి పట్టుకెళ్లారు. ఆదివారం స్కూల్ హాల్లో మనవాళ్ల భజనకి ఆ పిండితో వేసిన ఇడ్లీలే నైవేద్యమట!

నేనింకా చుక్క రుచి చూడని బీరు నాకంటే ముందు దేవుడి దగ్గరికి వెళ్తోంది. ఇప్పుడు ముందు ఎవరికి చెప్పమంటారు, శర్మగారికా, మా ఆవిడకా?