చిన్నమ్మ ముక్కుపుల్ల, కాక ముక్కు

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాడిని నేనే. చదివింది వాణిజ్యశాస్త్రమే అయినా, ఎవరికి ఏ జబ్బు చేసినా డాక్టరుతో మాట్లాడే బాధ్యత నాకే అప్పగించేవారు.

ఉమ్రిలో మా కిరాణా దుకాణం గల్లా దగ్గర కూర్చొని ఏళ్ల తరబడి సుపారీ నమిలిన చిన్నమ్మకు నోరు బిగుసుకుపోయింది. రొట్టె ముక్క పట్టదు. గంజితోనే కాలం గడుపుతోంది. నాందేడ్‌లో ఆపరేషన్ ఖాయమైంది. నోరు తెరుచుకోదు గనుక శ్వాసగొట్టాన్ని ముక్కులోంచి దించాలని మత్తు డాక్టరమ్మ చెప్పింది.

ఆమె ఒక్కో ముక్కురంధ్రాన్ని మూసి, చల్లని స్టీలు పలక మీద ఊపిరి వదలమంది. ఎడమవైపు ఆవిరి బాగా పట్టింది.

"ఎడమ దారే మేలు. నెత్తురు రాకుండా ముందు చుక్కలు వేస్తాం. గొట్టాన్ని గోరువెచ్చని సెలైన్‌లో ఉంచి మెత్తబరుస్తాం. కెమెరాతో చూస్తూ దించుతాం. ఆ వైపున్న ముక్కుపుల్ల మాత్రం తీయాలి."

చిన్నమ్మ బిగిసిన పళ్ల మధ్య నుంచే అంది: "మీ కాక బతికుండంగ నా ముక్కు బోడిగ ఉండది. కుడిదిక్కు ఎయ్యమను."

"కుడివైపు లోపల ఎముక వంకరగా ఉంది చిన్నమ్మా. బలవంతం చేస్తే రక్తం కారుతుంది," అని డాక్టరమ్మ మాటే నేను అందించాను.

కాక, అంటే చిన్నమ్మ భర్త, నా భుజం తట్టాడు. "డిగ్రీ చదివినవ్ కదరా, గా వంకర జర సక్కగ చేయించరాదు?"

"అయితే గంజే తాగుత. పాండ్రి ఇంటికి," అని చిన్నమ్మ లేచింది.

మా ఇళ్లల్లో ముత్తైదువ ముక్కుపుల్లను తీసి డబ్బాలో పెట్టరు. అది ఏదో ఒక ముక్కుకు ఉండాలి. ఈ నియమాన్ని నేను శ్రద్ధగా పరిశీలించి, అది ఫలానా ముక్కుకే ఉండాలని ఎక్కడా లేదని విన్నవించాను. వెంట వచ్చిన ఆడవాళ్లందరి ముక్కులకూ పుల్లలున్నాయి. ఖాళీగా ఉన్నది కాక ముక్కే.

"బజార్ల నా ఇజ్జత్ ఏంగావాలె?"

"నా పాణం కన్న నీ ఇజ్జత్ ఎక్కువనా?"

నర్సు ముక్కుపుల్లను కాక ముక్కుకు ప్లాస్టరుతో అతికించింది. ఆపరేషన్ సాగినంతసేపు ఆయన మీసాలతో, ముక్కుపుల్లతో బెంచీ మీద నిటారుగా కూర్చున్నాడు. ఎవరో పెద్దమనిషి స్వామివారనుకొని దండం పెట్టి, తన మోకాలి నొప్పి చెప్పుకొని పోయాడు.

గొట్టం క్షేమంగా దిగింది. ఆపరేషన్ బాగా జరిగింది. మరునాడు నోరు తెరిచే వ్యాయామం మొదలుపెట్టాలి. నొప్పికి భయపడి చిన్నమ్మ పెదవి కూడా కదపలేదు. ముక్కు వాపు తగ్గనందున పుల్ల ఇంకా కాక దగ్గరే ఉంది.

"జర తెరువే, నీ కోసం దీన్ని మోస్తున్న," అంటూ కాక వంగి, గట్టిగా తుమ్మాడు. ప్లాస్టరు ఊడి పుల్ల మీసానికి వేలాడింది.

చిన్నమ్మ నవ్వింది. నొప్పికి మూలుగుతూనే నవ్వింది. డాక్టరమ్మ గబుక్కున ఆమె పళ్ల మధ్య రెండు వేళ్లు నిలువుగా పెట్టి చూసి, "చాలు, చాలా బాగుంది," అంది.

"మల్ల అతికియ్యమ్మా," అంది చిన్నమ్మ నర్సుతో. "నేను రొట్టె తినేదాంక ఈయిన ముక్కుకే ఉండనీ."

రొట్టెకు ఇంకా కొన్ని వారాలు పడుతుందని డాక్టరమ్మ చెప్పింది.

కాక నా వైపు తిరిగాడు. "జర నువ్వు మాట్లాడరా డాక్టరమ్మతోని."