లేపకూడని ఫోన్

ఆ బుధవారం పొద్దున పదింటికి దుర్గయ్య మూడుసార్లు ఫోన్ చేశాడు. మూడుసార్లూ సక్కుబాయి కట్ చేసింది. పొగరుతో కాదు, అతని మీద కోపమొచ్చీ కాదు. ఛత్రినాకలోని ఆ గల్లీలో పదకొండేళ్ళుగా దుర్గయ్య ఫోన్ మోగితే చెయ్యాల్సిన పని అదే.

దుర్గయ్య నల్లా నీళ్ళ లైన్‌మన్. పొడుగాటి ఇనప చావీ భుజాన వేసుకుని తిరుగుతూ, వాల్వులు తిప్పి గల్లీ గల్లీకీ నీళ్ళు వదులుతాడు. నీళ్ళు రోజు విడిచి రోజు వస్తాయి. ఏ వేళకొస్తాయో మాత్రం దేవుడికే ఎరుక. అందుకని వదిలేముందు గల్లీకొక ఇంటికి మిస్డ్ కాల్ ఇస్తాడు. ఆ ఇంటివాళ్ళు మిగతా ఇళ్ళకి కేకేసి చెప్పాలి. సక్కుబాయి మొగుడు పోయాక ఇంట్లోనే కూచుని చీరలకి ఫాల్స్ కుట్టుకుని బతుకుతోంది. గడప దాటని మనిషి కదా అని గల్లీవాళ్ళు ఆమె నంబరే ఇచ్చారు.

మిస్డ్ కాల్ అంటే ఇంగ్లీషువాళ్ళ లెక్కలో అందకుండా పోయిన ఫోన్ అట. అయ్యో, చూసుకోలేదే అని తర్వాత నొచ్చుకునేది అన్నమాట. మన దగ్గర దాని సంగతే వేరు. మనం దానికోసం ఎదురుచూస్తాం, చేతిలో పట్టుకుని కళ్ళారా చూస్తాం, చూసి మరీ లేపం. కాల్స్ ఫ్రీ అయ్యాక కూడా దుర్గయ్య ఈ పద్ధతి మార్చలేదు. మార్చుకుంటే అతనికే తంటా. లేపిన ప్రతి ఇల్లాలూ ధార సన్నగా వస్తోందనీ, నీళ్ళు వాసనొస్తున్నాయనీ అందుకుంటుంది. పద్నాలుగు గల్లీల లొల్లి వింటూ నిలబడితే చావీ తిప్పేదెవరు? అందుకే మొదటిరోజే సక్కుబాయికి చెప్పేశాడు.

"లేపకు చెల్లె, కట్ చెయ్యి. నువ్వు కట్ చేస్తే నీకు ముట్టిందని నాకు ఎరుకైతది."

ఆ మాటని ఆమె ఒక ఉద్యోగంలా చేసింది. చదువు లేదు, పెన్షన్ కాగితం మీద తప్ప ఎక్కడా తన పేరుండదు. కానీ నలభై ఇళ్ళకి నీళ్ళ కబురు తన నోటినుంచే పోవాలి. ఫోన్ మోకాలి పక్కనే ఉండేది. అది మోగగానే సూది చీరలో గుచ్చేసి, కట్ నొక్కి, కొంగు దోపుకుంటూ వాకిట్లోకి వచ్చి కేకేసేది. స్నానానికి పోయినా ఫోన్ కిటికీలో పెట్టుకునే పోయేది. గల్లీ ఆడవాళ్ళు కలెక్టరమ్మ అని ఆటపట్టిస్తే లోలోపల మురిసిపోయేది కూడా.

ఆ రోజు మొదటిసారి మోగగానే కట్ చేసి కేకేసింది. డ్రమ్ములూ బిందెలూ బయటికొచ్చాయి. రెండు నిమిషాలకి మళ్ళీ మోగింది. తను కట్ చేసింది అతనికి అందలేదేమో అనుకుని మళ్ళీ కట్ చేసింది. మూడోసారికి విసుగొచ్చింది. ముట్టిందిరా నాయనా, ఎన్నిసార్లిస్తావని ఫోన్‌నే కసిరి, అదీ కట్ చేసింది.

నీళ్ళు రాలేదు. పదకొండయింది, పన్నెండయింది. ఆడవాళ్ళు గడపల మీద కూచుని దుర్గయ్యని తిట్టిపోశారు. ఎక్కడో కల్లు కాంపౌండులో కూచునుంటాడని ఒకామె అంటే అందరూ నవ్వారు. సక్కుబాయి కూడా నవ్వింది. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ ఆమెకు అన్నం దిగదు.

రెండింటికి ఆమే అతనికి ఫోన్ చేసింది. లేపలేదు. డ్యూటీలో అతనెప్పుడూ లేపడు కాబట్టి ఫికర్ చెయ్యలేదు. మళ్ళీ చేసింది, మళ్ళీ చేసింది. ఆరోసారికి కుడుతున్న చీర పక్కన పడేసి లేచింది. పక్కింటి నగేష్ ఆటో తీయించి, తమ గల్లీకి నీళ్ళు వదిలే జహనుమా వైపు వాల్వు దగ్గరికి పోయింది.

ప్రహరీ గోడ వెనక, వాల్వు గుంట పక్కన దుర్గయ్య ఒరిగి పడి ఉన్నాడు. మూతి ఒక పక్కకి పోయింది. కళ్ళు తెరిచే ఉన్నాయి, ఆమెని గుర్తుపట్టాడు కూడా, మాట మాత్రం రాలేదు. ఆ దారిన పోయేవాళ్ళు తాగి పడ్డాడనుకుని దాటిపోయారట. నగేష్ భుజాలు పట్టి ఎత్తాడు, ఆమె కాళ్ళు పట్టింది. అప్పటికి మూడు దాటింది.

ఆసుపత్రిలో డాక్టరు అడిగింది ఒకటే ప్రశ్న. ఎన్నింటికి పడిపోయాడు? ఎవరికీ తెలియదు, సక్కుబాయికి తప్ప. ఆమె ఫోన్ తీసి పదింటి మూడు కాల్సూ చూపించింది. డాక్టరు చూసి తల అడ్డంగా ఊపాడు. నాలుగున్నర గంటల్లోపు తెచ్చి ఉంటే ఒక సూదిమందు ఉండేదని, అది పనిచేసి ఉంటే చేయీ మాటా తిరిగి వచ్చేవేమోనని చెప్పాడు. ఇప్పుడిక ప్రాణం నిలిపే పని చూస్తామన్నాడు.

దుర్గయ్య కూతురు సోనీ డ్యూటీ నుంచి పరిగెత్తుకొచ్చింది. తండ్రి ఫోన్ తెరిచి చూసింది. చాలాసేపు చూసి, తలెత్తకుండానే అడిగింది.

"బాపు నీకు మూడుసార్లు చేసిండు. ఎందుకు లేపలేదు అత్తా?"

"నీళ్ళనుకున్న బిడ్డా."

సోనీ తిట్టినా బాగుండేది, జుట్టు పట్టుకుని బయటికి ఈడ్చినా బాగుండేది. తప్పెవరిదని పట్టుకోవాలి? అతను నేర్పిన పనే ఈమె చేసింది. బాగా చేసింది, అక్కడే వచ్చింది చిక్కు. ఆ పిల్ల ఫోన్ ఒళ్ళో పెట్టుకుని బెంచీ అంచున కూచుంది. సక్కుబాయి ఆమె పక్కన చేరి కూచునే ధైర్యం లేక గోడవారగా నిలబడిపోయింది.

దుర్గయ్య బతికాడు. కుడిచెయ్యి పడిపోయింది, మాట లేదు. అతని చావీ, గల్లీల ఫోన్ నంబర్లూ ఇప్పుడు బాలకిషన్ అనే కొత్త లైన్‌మన్ చేతికొచ్చాయి. శుక్రవారం మధ్యాహ్నం సక్కుబాయి ఫోన్ మోగింది. వాకిళ్ళలో ఆడవాళ్ళు బిందెలు పట్టుకుని ఆమె వైపే చూస్తున్నారు. ఆమె లేపి చెవి దగ్గర పెట్టుకుంది.

"ఎందుకు లేపినవమ్మా? నీళ్ళు ఇడుస్తున్న, గంతే. కట్ చెయ్యాలె గదా."

"నువ్వు మంచిగున్నవా బిడ్డా?"

అవతలినుంచి మంచిగనే ఉన్న, ఎందుకు అని అడిగాడు అతను. ఆమె కట్ నొక్కకుండా ఫోన్ చెవికే ఆన్చి ఉంచింది. గల్లీకి కేకెయ్యనూ లేదు.