తలకి నూనె కోసం ఉమ్ అల్ క్వైన్ దాకా

ఉమ్ అల్ క్వైన్‌కి ఎవరైనా సముద్రం చూడ్డానికి వెళతారు. నేను తలకి నూనె పెట్టించుకోవడానికి వెళ్ళాను.

2020 సెప్టెంబరు. షార్జాలో నేను పనిచేసే ఇంట్లో కరోనా వల్ల అయిదు నెలలుగా శుక్రవారం సెలవు లేదు. పెద్దావిడకి స్నానం చేయించడం, అన్నం పెట్టడం నా పని. ఆవిడది గుండె జబ్బు కాబట్టి అన్నీ చేతి తొడుగులతోనే. అన్నాళ్ళూ నన్ను ఒక్క మనిషీ తాకలేదు. దిగులుకి జుట్టు కుచ్చులుగా ఊడేది. ఉమ్ అల్ క్వైన్‌లో ఉండే మా రాజోలు సత్యవతి పిన్ని ఫోన్లో, "దార్లు తెరిచాక వచ్చెయ్యవే, తలకి నూనె పెడతాను," అనేది. ఆ మాట పట్టుకునే రోజులు నెట్టాను.

చివరికి ఒక శుక్రవారం సెలవిస్తూ ఆ ఇంటి మేడమ్, "అయిదింటికల్లా వచ్చెయ్. ఎవర్నీ ముట్టుకోకు, ఖలాస్, అంతే," అంది.

ఎనిమిదింటికి రోలా దగ్గర బస్సెక్కాను. టికెట్ పదిహేను దిర్హాములు, సీటు విడిచి సీటు. అటువైపు యాభై దాటిన కరీంనగర్ తాపీమేస్త్రి కూర్చున్నాడు.

"లేబర్ క్యాంపుల బందైనన్ని దినాలు పొద్దుగాల లేసి గడ్డం గీసుకున్న బిడ్డా. ఎటు పోయేది లేకున్నా గీసుకున్న."

"ఏడుపొచ్చేది కాదా బాబాయ్?"

"నల్ల ఇప్పి ఏడ్సేటోన్ని. పక్క మంచపోల్లకు ఇనబడొద్దు గద!"

ఇద్దరం మాస్కుల్లోనే నవ్వుకున్నాం. కిటికీలో ఇసుక, ఉప్పునీటి మడ, మళ్ళీ ఇసుక. ఎండకి దూరమంతా కరిగి, బస్సు నీళ్ళమీద పోతున్నట్టుంది. నిద్రో మెలకువో తెలియలేదు.

తొమ్మిదింపావుకి పిన్ని అద్దెకుండే పాత విల్లా చేరాను. గేటు దగ్గర చేతులు చాపబోయి ఆగింది.

"మీ మేడమ్ ఏమందే?"

"ముట్టుకోవద్దంది."

చేతులు దించేసింది. ఇంత దూరం దీనికేనా వచ్చింది?

"ఏడుపుమొహం పెట్టకు, కూకో," అంటూ లోపలికెళ్ళి మాస్కూ తొడుగులూ వేసుకొచ్చింది. పెరట్లో వేపనీడన, నా వెనక నిలబడి, మాడు మీద నూనె పోసి, పాయ పాయా విడదీస్తూ మర్దనా చేసింది. ఆ తొడుగుల్లోంచే పిన్ని వేళ్ళు తెలిశాయి. నాకు ఏడుపు ఆగలేదు.

"ఏడువు, నేనేం తొందరపడట్లేదు," అంది.

అక్కడే భోజనం, పప్పుచారు, వేయించిన చేప. మూడు గంటల బస్సుకి తిరుగు ప్రయాణం. ఒళ్ళో పిన్ని ఇచ్చిన నూనె సీసా. ఇన్నాళ్ళూ తప్పు తొడుగులదే అనుకున్నాను. అవే తొడుగులతో నేను పెద్దావిడ తల రోజూ గిన్నె తోమినట్టు తోమాను. సిగ్గేసింది.

అయిదింటికి స్నానం చేసి, కొత్త తొడుగులు వేసుకుని, ఆవిడ వెనక నిలబడ్డాను. వేళ్ళు జుట్టులో ఆనించి అలాగే ఉంచాను. పెద్దావిడ కళ్ళు మూసుకుని, తల నా అరచేతుల్లోకి వదిలేసింది.